ఉక్కు సైకిలుకు ఆయుష్షు ఎక్కడిది?

పల్లెల్లో పాత ఇళ్లకు వెళితే పశువుల పాకలోనో, ధాన్యపు కొట్టు పక్కనో గోడకు ఆనించిన నల్ల సైకిలు ఒకటి తరచుగా కనిపిస్తుంది. టైర్లు పగుళ్లు బారి ఉంటాయి. తోలు సీటు నడుము విరిగినట్టు కుంగిపోయి ఉంటుంది. హ్యాండిలు మీది మెరుపు పూత పొక్కులుగా లేచి, కింద ఎర్రటి తుప్పు తొంగిచూస్తుంటుంది. ఇంట్లోవాళ్లు దాన్ని తాతగారి బండి అంటారు. పాత ఇనుప సామాన్లవాడు వచ్చిన ప్రతిసారీ తూకానికి వేసేద్దామని ఒకరు, ఉండనివ్వమని ఒకరు. ఆ బండిని ఒకసారి తడిగుడ్డతో తుడిచి చూడండి. దుమ్ము కింద నల్ల ఎనామిల్ రంగు, దాని మీద చేత్తో గీసిన బంగారు గీతలు బయటపడతాయి. ఫ్రేము గొట్టాన్ని గోటితో తడితే ఖంగుమంటుంది. అరవై ఏళ్ల కిందట తయారైన యంత్రం, ఎండలో, వానలో, బస్తాల బరువు కింద బతికిన యంత్రం, పదిహేనేళ్లు ఎవరూ ముట్టుకోని యంత్రం, ఒక వారం రోజుల శ్రద్ధతో మళ్లీ రోడ్డెక్కుతుంది.

ఇంట్లోని చాలా యంత్రాలకు ఇంత ఆయుష్షు లేదు. ఉక్కు సైకిలుకు మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి జవాబు లోహశాస్త్రంలో కొంత, యంత్ర నిర్మాణంలో కొంత ఉంది. ఆ రెండూ తెలిస్తే పాత సైకిళ్లను సేకరించడం, బాగుచేయడం, తొక్కడం ఎంత అర్థవంతమైన పనులో తెలుస్తుంది.

బండి పుట్టుపూర్వోత్తరాలు

నేడు మనం సైకిలు అని పిలిచే ఆకారానికి మూలపురుషుడు ఇంగ్లండులోని కోవెంట్రీకి చెందిన జాన్ కెంప్ స్టార్లీ. 1885లో ఆయన తయారుచేసిన రోవర్ సైకిలుకు రెండు చక్రాలూ దాదాపు సమానం. పెడళ్ల శక్తి చైను ద్వారా వెనక చక్రానికి అందుతుంది. ఆ చైనుకు ఆధారమైన రోలర్ చైనును అంతకు ఐదేళ్ల ముందే, 1880లో, మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ రూపొందించాడు. 1888లో బెల్‌ఫాస్టులో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరును తెచ్చాడు. జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో ఫ్రీడ్రిష్ ఫిషర్ 1883లో ఉక్కు గోళీలను ఒకే సైజులో, నున్నగా అరగదీసే యంత్రాన్ని నిర్మించడంతో బాల్ బేరింగులు చవకయ్యాయి. 19వ శతాబ్దం ముగిసేనాటికి సైకిలు రూపం స్థిరపడింది.

ఆ రూపం ఓడలెక్కి మన దేశానికి వచ్చింది. నాటింగ్‌హామ్ నుంచి ర్యాలీ, బర్మింగ్‌హామ్ నుంచి హెర్క్యులస్, బీఎస్ఏ బండ్లు దిగాయి. స్వాతంత్ర్యం వచ్చాక ఇక్కడే తయారీ ఊపందుకుంది. బెంగాల్‌లోని ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ కర్మాగారం వచ్చింది. 1949లో మద్రాసు దగ్గరి అంబత్తూరులో టీఐ సైకిల్స్ మొదలై మన దక్షిణాదికి హెర్క్యులస్ బండ్లను అందించింది. 1951లో సోనీపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. పేర్లు వేరైనా అచ్చు ఒక్కటే: 28 అంగుళాల చక్రాలు, కడ్డీల బ్రేకులు, స్ప్రింగుల తోలు సీటు, పూర్తి మడ్‌గార్డులు, వెనక క్యారియరు, కాళ్ల స్టాండు. పోస్టుమాను, బడిపంతులు, పాలవాడు, చేనేత బట్టల మూటలు మోసే వ్యాపారి, అందరికీ అదే బండి. పుచ్చలపల్లి సుందరయ్య గారు చట్టసభలకు సైకిలు మీదే వెళ్లేవారన్నది తెలుగువారు ఇప్పటికీ చెప్పుకునే మాట. సీటు అందని పిల్లలు ఫ్రేము మధ్య నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నదీ ఈ బండి మీదే.

ఉక్కు గుణం, గొట్టం బలం

ఉక్కు మనకు కొత్త లోహం కాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ప్రాంతంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. పాశ్చాత్య లోహశాస్త్ర గ్రంథాల్లో కనిపించే 'వుట్జ్' అన్న మాట దక్షిణ భారత భాషల 'ఉక్కు' నుంచే పుట్టిందని పండితులు చెబుతారు. ఆ ఉక్కు కత్తులకు పేరుమోసింది. సైకిలుకు కావలసిన ఉక్కు వేరు. అది వంగినా విరగకూడదు, గొట్టంగా సాగాలి, వేడిచేసి అతికితే పెళుసెక్కకూడదు. కర్బనం తక్కువగా ఉన్న సాధారణ ఉక్కు ఈ మూడు పనులూ చక్కగా చేస్తుంది.

ఫ్రేముకు కడ్డీలు కాకుండా గొట్టాలు ఎందుకు వాడతారో చిన్న లెక్కతో తేలుతుంది. బ్రిటిషు కొలతల సైకిళ్లలో సీటు కింది గొట్టం వెలుపలి వ్యాసం 28.6 మిల్లీమీటర్లు, అంటే అంగుళం మీద ఎనిమిదో వంతు. గోడ మందం 0.9 మిల్లీమీటర్లు అనుకుందాం. అంతే ఉక్కును ముద్దగా చేసి కడ్డీగా సాగదీస్తే దాని వ్యాసం సుమారు 10 మిల్లీమీటర్లు వస్తుంది. బరువు రెండింటికీ ఒక్కటే. కానీ వంపును తట్టుకోవడంలో గొట్టం ఆ కడ్డీ కంటే సుమారు 15 రెట్లు బిగువైనది. ఏ వస్తువైనా వంగేటప్పుడు దాని ఒక అంచు సాగుతుంది, ఎదుటి అంచు నలుగుతుంది, నడిమి భాగం పెద్దగా పనిచేయదు. ఆ పనిచేయని లోహాన్ని నడిమి నుంచి తీసి అంచుకు చేర్చినదే గొట్టం. వెదురుబొంగు బోలుగా ఉండి గాలికి నిలబడటంలోని సూత్రమూ ఇదే.

ఇక్కడ సేకరణకర్తలు తరచుగా పొరబడే విషయం ఒకటుంది. ఖరీదైన ఉక్కుతో చేసిన ఫ్రేము ఎక్కువ బిగువుగా ఉంటుందని చాలామంది నమ్మకం. బిగువును కొలిచే యంగ్ గుణకం అన్ని రకాల ఉక్కుకూ దాదాపు ఒక్కటే, సుమారు 200 గిగాపాస్కల్‌లు. ఖరీదైన ఉక్కులో పెరిగేది బలం. అంటే శాశ్వతంగా వంగిపోకుండా, తెగిపోకుండా మోయగల ప్రతిబలం పెరుగుతుంది. బలం పెరిగితే గోడను పలచన చేయవచ్చు, బరువు తగ్గుతుంది. బర్మింగ్‌హామ్‌లోని రెనాల్డ్స్ సంస్థ 1897లో ఇందుకొక తెలివైన మార్గానికి పేటెంటు పొందింది. అతుకులు పడే చివర్లలో గోడ మందంగా, నడుమ పలచగా ఉండే గొట్టం అది. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు. అదే సంస్థ 1935లో మాంగనీసు, మాలిబ్డినం కలిపిన '531' గొట్టాలను తెచ్చింది. తరువాతి దశాబ్దాల్లో ఐరోపా పందెపు సైకిళ్లెన్నో ఆ గొట్టాలతోనే తయారయ్యాయి. అలాంటి పందెపు బండి 10 కిలోల దరిదాపుల్లో తూగితే, మన తాతగారి బండి 20 కిలోల దాకా తూగుతుంది. దాని గొట్టాలు సాధారణ ఉక్కువి, చివరి నుంచి చివరికి ఒకే మందం. ఆ మందమే తరువాత దాని ఆయుష్షుకు కారణమైంది.

లోహానికీ అలసట ఉంది

ఒక తీగను ఒక్కసారి కొద్దిగా వంచితే ఏమీ కాదు. అటూ ఇటూ పదేపదే వంచితే తెగుతుంది. దీన్నే లోహ అలసట అంటారు. 1842లో ఫ్రాన్సులో వెర్సాయ్ దగ్గర రైలింజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగాక ఇంజనీర్ల దృష్టి దీని మీద పడింది. జర్మనీ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ 1850, 60 దశకాల్లో ఇరుసులను ఏళ్ల తరబడి తిప్పి పరీక్షించి ఒక గొప్ప విషయం కనిపెట్టాడు. ఉక్కు మీద పడే ప్రతిబలం ఒక హద్దు దాటకుండా ఉంటే, ఎన్ని లక్షల సార్లు పడినా ఉక్కు అలసిపోదు. ఆ హద్దును అలసట పరిమితి అంటున్నాం. అల్యూమినియానికి ఇలాంటి స్పష్టమైన హద్దు లేదు. ఎంత చిన్న ప్రతిబలమైనా దాని ఆయుష్షును కొద్దికొద్దిగా తింటూనే ఉంటుంది.

మన బండికి ఈ లెక్క కట్టి చూద్దాం. ముందు పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18 పళ్లు ఉన్నాయనుకుంటే, పెడలు ఒక చుట్టు తిరిగేసరికి బండి సుమారు ఐదున్నర మీటర్లు సాగుతుంది. రోజుకు 10 కిలోమీటర్లు తొక్కే మనిషి రోజుకు సుమారు 1,800 చుట్లు, ఏడాదికి 300 రోజుల్లో ఐదున్నర లక్షల చుట్లు తిప్పుతాడు. ఇరవై ఏళ్లకు అది కోటి దాటుతుంది. ప్రయోగశాలల్లో ఉక్కు అలసట పరిమితిని తేల్చడానికి వాడే సంఖ్యలు కూడా 10 లక్షల నుంచి కోటి వరకే. మందపాటి గొట్టాల వల్ల మామూలు వాడకంలో బండి ఫ్రేములో ప్రతిబలం హద్దుకు దిగువనే ఉంటుంది. అందుకే కోటి తొక్కుళ్ల తరువాత కూడా ఆ ఫ్రేము లోహం అలసట ఎరగదు.

అయితే ఇందులో ఒక గట్టి షరతు ఉంది. లోహం ఉపరితలం నున్నగా, శుభ్రంగా ఉన్నంతవరకే ఈ వరం. తుప్పు తిన్న చోట గుంటలు పడతాయి. ఒక్కో గుంట అంచున ప్రతిబలం పోగుపడి పగులుకు నాంది అవుతుంది. తేమలో తుప్పు పట్టుతూ పనిచేసే ఉక్కుకు అలసట పరిమితి అనేదే చెరిగిపోతుంది. కాబట్టి ఉక్కు సైకిలుకు వయసు శత్రువు కాదు, నీరు శత్రువు. బాగుచేసే పని అంతా ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతుంది.

అతుకులోని ఉపాయం

ఫ్రేము మూలల్లో గొట్టాలు చొచ్చుకుపోయే ఉక్కు తొడుగులు కనిపిస్తాయి. వీటిని లగ్గులంటారు. గొట్టానికీ తొడుగుకూ మధ్య వెంట్రుకంత సందు ఉంటుంది. ఆ మూలను ఎర్రగా కాల్చి ఇత్తడిని కరిగిస్తే, దీపపు వత్తిలో నూనె పాకినట్టు కేశనాళికీయతతో ఇత్తడి సందంతా పాకి గట్టిపడుతుంది. ఉక్కు కరగాలంటే సుమారు 1,500 డిగ్రీలు కావాలి. ఇత్తడికి సుమారు 900 డిగ్రీలు చాలు. ఉక్కు కరగదు కాబట్టి దాని గుణం పెద్దగా చెడదు. అదే వేడి మళ్లీ ఇస్తే అతుకు ఊడుతుంది కూడా. సొట్టపోయిన గొట్టాన్ని తీసి కొత్త గొట్టం వేయడానికి ఆస్కారం పుట్టుకలోనే ఉంది. మరమ్మతును మనసులో పెట్టుకుని నిర్మించిన యంత్రం ఇది.

తుప్పు పట్టే తీరు

తుప్పు నిజానికి ఒక చిన్న బ్యాటరీ. తడిసిన ఇనుము మీద ఒకచోట ఇనుము పరమాణువులు ఎలక్ట్రానులను వదిలి నీటిలో కరుగుతాయి. పక్కనే మరోచోట ఆ ఎలక్ట్రానులను అందుకుని ఆక్సిజను, నీరు కలిసి హైడ్రాక్సైడ్ అవుతాయి. రెండూ కలిసి చివరికి ఎర్రటి తుప్పు. నీరు, గాలి రెండూ ఉంటేనే ఇది సాగుతుంది. ఉప్పు చేరితే నీటిలో విద్యుత్తు సులువుగా పారి వేగం పెరుగుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం తీరాల్లోని సైకిలు అనంతపురంలోని సైకిలు కంటే త్వరగా తుప్పు పట్టడానికి కారణం ఇదే. ఇనుము తుప్పుగా మారితే దాని ఘనపరిమాణం రెండు మూడు రెట్లవుతుంది. అందుకే రంగు పొక్కుతుంది, బోల్టులు పట్టేస్తాయి, సీటు కడ్డీ గొట్టంలో బిగుసుకుపోతుంది.

ఢిల్లీలోని ఇనుప స్తంభం సుమారు 1,600 ఏళ్లుగా నిలవడానికి దానిలోని ఎక్కువ ఫాస్ఫరస్ తోడ్పడిందని ఐఐటీ కాన్పూర్ ఆచార్యులు ఆర్. బాలసుబ్రమణ్యం పరిశోధనలు తెలిపాయి. ఆ ఫాస్ఫరస్ వల్ల ఉపరితలం మీద రక్షణ పొర ఏర్పడింది. సైకిలు కర్మాగారాలు 20వ శతాబ్దంలో రంగుకు ముందు ఉక్కుకు ఫాస్ఫేటు పూత పూయడం మొదలుపెట్టాయి. మార్గాలు వేరైనా ఇనుమును కాపాడే పదార్థం రెండుచోట్లా ఒకే కుటుంబానిది.

తుప్పును తీయడానికి వంటింటి ఆమ్లాలే చాలు. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో భాగాలను కొన్ని గంటలు నానబెడితే సిట్రిక్ ఆమ్లం ఇనుము అయానులను తనతో బంధించి తుప్పును కరిగిస్తుంది. చింతపండుతో ఇత్తడి చెంబులు తోమడంలోనూ ఆమ్లానిదే పని. మొండి తుప్పుకు విద్యుద్విశ్లేషణ మంచి మార్గం. బట్టల సోడా కలిపిన నీటిలో తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ ఛార్జరు రుణ ధ్రువానికి, పనికిరాని ఇనుప రేకును ధన ధ్రువానికి కలపాలి. ధన ధ్రువంగా స్టెయిన్‌లెస్ ఉక్కును ఎప్పుడూ వాడకూడదు, విషపూరితమైన క్రోమియం లవణాలు పుడతాయి. హైడ్రోజను వాయువు వెలువడుతుంది కాబట్టి ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. ఈ హైడ్రోజనే గట్టి ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది. అందువల్ల స్పోకులు, స్ప్రింగులు, బేరింగు గోళీలను ఆమ్లంలోనూ, విద్యుద్విశ్లేషణ తొట్టిలోనూ వేయరాదు. వాటిని చేత్తో శుభ్రం చేయాలి, లేదా మార్చాలి. మెరుపు పూత ఉన్న హ్యాండిలును అల్యూమినియం రేకును తడిపి మెల్లగా రుద్దితే పై తుప్పు పోతుంది, పూత నిలుస్తుంది. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా గీకి ఆ ధూళి పీల్చకూడదు. తడిపి రుద్దాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

విప్పి చూడటం

బండి చేతికి రాగానే స్పానరు పట్టుకోవడం సరైన పద్ధతి కాదు. ముందు ఫోటోలు తీయాలి, ఏ వాషరు ఏ వైపు ఉందో రాసుకోవాలి. తరువాత వయసు గుర్తించాలి. హ్యాండిలు కింది గొట్టం మీది బిళ్ల, పళ్ల చక్రం మీది బొమ్మ సాక్ష్యం చెబుతాయి. ర్యాలీ పళ్ల చక్రంలో కొంగ తలలు, బీఎస్ఏ గుర్తులో మూడు తుపాకులు ఉంటాయి. నాటింగ్‌హామ్ ర్యాలీ బండ్లలో పెడలు ఇరుసు కప్పుకు అంగుళానికి 26 థ్రెడ్లు ఉంటాయి. మామూలు బండ్లకు 24. తేడా తెలియక కొత్త కప్పును బలవంతంగా తిప్పితే ఫ్రేమే పాడవుతుంది.

ఫ్రేము తిన్నగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక దారం చాలు. వెనక చక్రం తీసి, ఇరుసు పట్టే కుడి చీలిక దగ్గర దారం కట్టి, ముందు హ్యాండిలు గొట్టం చుట్టూ తిప్పి, ఎడమ చీలికకు తెచ్చి బిగించాలి. సీటు గొట్టానికి అటు దారం ఎంత దూరంలో ఉందో, ఇటూ అంతే ఉండాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా పెద్ద విషయం కాదు. అంతకు మించితే బండి ఎప్పుడో గట్టిగా పడిందని అర్థం. ఆ తరువాత అతుకుల అంచులను, ముఖ్యంగా హ్యాండిలు గొట్టం కింద, పెడలు ఇరుసు చుట్టూ, మంచి వెలుతురులో వేలితో తడిమి పగుళ్లు వెతకాలి. రంగు మీద వెంట్రుకలాంటి గీత కనిపిస్తే ఆ బండిని తొక్కకూడదు.

పెడళ్లు విప్పేటప్పుడు ఎడమ పెడలుకు మర తిరగేసి ఉంటుందని గుర్తుంచుకోవాలి. తొక్కేటప్పుడు తనంతట తాను ఊడిపోకుండా చేసిన ఏర్పాటు అది. అన్నింటికంటే ఓర్పు కోరేది కాటర్ పిన్. పెడలు కాడను ఇరుసుకు పట్టి ఉంచే చిన్న ఉక్కు మేకు అది. ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంటుంది. నేరుగా సుత్తితో కొడితే ఆ దెబ్బంతా ఇరుసు ద్వారా గోళీలకు చేరి, గోళీలు నడిచే దారిలో గుంటలు పడతాయి. ఆ తరువాత ఎంత గ్రీజు పెట్టినా పెడలు గరగరలాడుతుంది. మంచి మెకానిక్ పెడలు కాడ కింద నేల నుంచి ఒక ఇనుప గొట్టం నిలబెడతాడు. పిన్ను దిగడానికి ఆ గొట్టం నోరు తెరిచి ఉంటుంది. ముందురోజే పిన్ను చుట్టూ పలచని నూనె వేసి ఉంచుతాడు. అప్పుడు కొట్టే ఒక్క దెబ్బ బలం నేలలోకి పోతుంది, పిన్ను జారుతుంది, గోళీలు క్షేమం.

హబ్బులు విప్పితే వెనక చక్రంలో పావు అంగుళం గోళీలు, ముందు చక్రంలో అంగుళంలో మూడు పదహారో వంతుల గోళీలు బయటపడతాయి. కిరోసిన్‌లో కడిగి వెలుగులో చూడాలి. నున్నగా అద్దంలా ఉంటే మళ్లీ వాడవచ్చు. మచ్చలుంటే మొత్తం గోళీలను మార్చాలి. పాతవి నాలుగు, కొత్తవి ఐదు కలపకూడదు. సైజులో వెంట్రుకవాసి తేడా ఉన్నా బరువంతా పెద్ద గోళీల మీదే పడుతుంది. గోళీలను అదిమి పట్టే కోన్‌ను బిగించడంలో ఉంది అసలు నేర్పు. మరీ బిగిస్తే అరుగుతుంది, వదులైతే చక్రం ఊగుతుంది. చక్రాన్ని పైకెత్తి వదిలితే గాలి కొట్టే వాల్వు బరువుకే అది మెల్లగా తిరిగి వాల్వు కిందికి వచ్చి ఆగాలి. ఈ మొత్తం పనినే మన సైకిలు షాపుల్లో ఓవరాయిలింగ్ అంటారు.

చక్రం మరో అద్భుతం. ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 స్పోకులు. రెండు మిల్లీమీటర్ల స్పోకును నిలబెట్టి అదిమితే వెంటనే వంగిపోతుంది. అలాంటి పుల్లలు మనిషినీ, బస్తానూ ఎలా మోస్తాయి? వాటిని ముందే బలంగా లాగి బిగించి ఉంచుతారు. బరువు పడినప్పుడు నేలకు దగ్గరున్న స్పోకుల్లో ఆ లాగుడు కొంత తగ్గుతుంది, అంతే. లాగుడు పూర్తిగా పోనంతవరకు చక్రం నిలుస్తుంది. అనుభవం ఉన్న మెకానిక్ స్పోకులను వీణ తంత్రుల్లా వేలితో మీటుతూ వెళతాడు. తంత్రి స్వరం దాని బిగువు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. ఒకే వైపు స్పోకులన్నీ దాదాపు ఒకే స్వరం పలికితే చక్రం చాలా కాలం తిన్నగా ఉంటుంది. ఒకటి మంద్రంగా పలికితే అక్కడే బెండు మొదలవుతుంది.

హబ్బులో దాగిన గేర్లు

పాత విదేశీ బండ్లలో కొన్నింటికి వెనక హబ్బు లావుగా ఉండి, అందులోంచి సన్నని గొలుసు ఒకటి బయటికి వస్తుంది. అది స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల హబ్బు. 1902లో నాటింగ్‌హామ్‌లో మొదలైన ఈ తయారీలో ఏడబ్ల్యూ అనే రకం అన్నింటికంటే దీర్ఘాయువు. లోపల 20 పళ్ల సూర్య చక్రం కదలకుండా ఉంటుంది. దాని చుట్టూ 20 పళ్ల గ్రహ చక్రాలు తిరుగుతాయి. వాటిని చుట్టి 60 పళ్ల వలయం ఉంటుంది. గ్రహాలను మోసే పంజరాన్ని ఒక చుట్టు తిప్పితే వలయం ఒకటీ మూడో వంతు చుట్లు తిరుగుతుంది. 20ని 60తో భాగించి ఒకటి కలిపితే ఆ అంకె వస్తుంది. ఇది పల్లానికి పై గేరు. దీన్నే తిరగేసి వలయాన్ని తిప్పితే పంజరం ముప్పావు చుట్టు తిరుగుతుంది. ఇది ఎత్తుకు కింది గేరు. మధ్య గేరులో నేరు నడక. హబ్బు మీద తయారైన సంవత్సరం చివరి రెండంకెలు, నెల చెక్కి ఉంటాయి. 52, 6 అని ఉంటే 1952 జూన్. చక్రం తరువాత మార్చినదైతే తప్ప, బండి జన్మపత్రికకు ఇంతకంటే నమ్మకమైన ఆధారం దొరకడం కష్టం.

తొక్కడంలోని ఆనందానికి కారణాలు

బాగుచేసిన బండిని అలమరలో బొమ్మలా నిలబెడితే దాని సగం కథే తెలుస్తుంది. ఎక్కి తొక్కితే మిగతా సగం తెలుస్తుంది. బరువైన బండి కాబట్టి కష్టమని భయపడనక్కరలేదు. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో చదును రోడ్డు మీద వెళ్లేటప్పుడు అదనపు 10 కిలోల బరువు టైర్ల రాపిడి రూపంలో అడిగేది సుమారు మూడు వాట్ల శక్తి మాత్రమే. 100 మీటర్లకు 5 మీటర్లు లేచే ఎత్తు మీద గంటకు 8 కిలోమీటర్లతో ఎక్కితే అదే 10 కిలోలు 11 వాట్లు అడుగుతాయి. కృష్ణా, గోదావరి డెల్టాల కాలువగట్ల మీద ఈ బండి హాయిగా సాగడానికి, కొండదారిలో దిగి నడిపించవలసి రావడానికి కారణం ఇదే. గాలి ఎదురొత్తిడికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది కనుక నిటారుగా కూర్చునే ఈ బండి మీద తొందరపడితే అలసట. నింపాదిగా వెళితే సుఖం.

ఈ బండి చేతులకు స్థిరంగా అనిపించడానికి హ్యాండిలు గొట్టం బాగా వెనక్కి వాలి ఉండటం, ముందు ఫోర్కు వంపు, రెండు చక్రాల మధ్య ఎక్కువ దూరం కారణాలు. సైకిలు పడకుండా నిలవడానికి చక్రాల భ్రమణమే కారణమని బడిలో చెప్పుకున్నాం. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఆ ప్రభావాన్ని రద్దుచేసిన సైకిలు కూడా తనంతట తాను నిలదొక్కుకోగలదని చూపింది. బరువు పంపిణీ, హ్యాండిలు తిరిగే తీరు కలిసి ఆ పని చేస్తాయి. వందేళ్లు దాటిన యంత్రంలో ఇంకా కొత్త భౌతికశాస్త్రం దొరకడం మనసుకు ఉత్సాహాన్నిస్తుంది.

ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. ఉక్కు రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరుకు పట్టు బాగా తగ్గుతుంది. వానలో పాత బండిని నడిపేవారు చాలా ముందుగా బ్రేకు వేయాలి, వేగం తగ్గించాలి. రబ్బర్లు, వాల్వు రబ్బరు, టైర్లు మాత్రం ఎప్పుడూ కొత్తవే వేయాలి. 28 అంగుళాల టైరు మన ఊళ్లలో నేటికీ దొరుకుతుంది. ఇది మనకున్న అదృష్టం.

సేకరణలో ధర్మం

పాత సైకిళ్ల మీద ప్రేమ ప్రపంచమంతటా ఉంది. బ్రిటన్‌లో పాత సైకిళ్ల అభిమానుల సంఘం 1955 నుంచి పనిచేస్తోంది. ఇటలీలో టస్కనీ ప్రాంతపు గయోలే గ్రామంలో 1997లో 92 మందితో 'లెరోయికా' యాత్ర మొదలైంది. 1987కు ముందు తయారైన పందెపు సైకిళ్లతో తెల్లని మట్టిదారుల మీద సాగే యాత్ర అది. సైకిళ్లతో పాటు ఆ మట్టిదారులను తారు కింద పోకుండా కాపాడాలన్నదీ ఆ యాత్ర సంకల్పం. యంత్రాన్ని కాపాడటమంటే అది నడిచే దారినీ, దాన్ని బాగుచేసే చేతినీ కాపాడటమే.

సేకరించేవారు పాటించవలసిన నియమం ఒకటి గట్టిగా చెప్పాలి. అసలు రంగు ఒక్కసారే ఉంటుంది. గీకేస్తే మళ్లీ రాదు. చేత్తో గీసిన బంగారు గీత, అరిగిన కంపెనీ ముద్ర, తాతగారి పేరు చెక్కిన మడ్‌గార్డు, ఇవన్నీ చరిత్ర పత్రాలు. రంగు సగమైనా నిలిచి ఉంటే శుభ్రం చేసి, పలచగా మైనం పట్టించి, ఉన్నది ఉన్నట్టు ఉంచడమే మేలు. వంటనూనె రాయకూడదు. గాలి తగిలి బంకగా మారి దుమ్మును పట్టుకుంటుంది. రంగు పూర్తిగా పోయి ఉక్కు బయటపడినప్పుడే కొత్త పూత వేయించాలి. తీసేసిన ప్రతి పాత భాగాన్నీ పొట్లం కట్టి, పేరు రాసి దాచాలి.

ఈ పనికి కావలసిన భాగాల కంటే, చేసే చేతులు ఇప్పుడు అరుదవుతున్నాయి. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు, సాహిబాబాద్‌లోని అట్లాస్ కర్మాగారంలో పని ఆగింది. మన వీధి చివరి సైకిలు షాపులు కూడా ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. కాటర్ పిన్ను కింద గొట్టం నిలబెట్టే నేర్పు, స్పోకును చెవితో వినే నేర్పు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేవు. అవి గురువు పక్కన కూర్చుని చేతికి అబ్బిన విద్యలు.

అందుకే పాఠకులకు నా మనవి ఇది. మీ ఇంట్లో పాత ఉక్కు సైకిలు ఉంటే తూకానికి వేయకండి. ఈ ఆదివారం దాన్ని బయటికి తీసి తుడవండి, దారం కట్టి ఫ్రేము చూడండి, హబ్బు మీది అంకెలు చదవండి. తరువాత మీ ఊళ్లో ఇంకా మిగిలి ఉన్న పెద్ద మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. పిల్లలను వెంట తీసుకెళ్లి ఆయన పనిచేస్తుండగా పక్కన కూర్చోబెట్టండి. ఆయన కూలి బేరమాడకుండా ఇవ్వండి.